ఓనర్ రేపే ఖాళీ చెయ్యమంటే?

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన ఏ గల్లీలోకి పోయినా టూలెట్ బోర్డులే. చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు, అటు ఆదిభట్లలో టీసీఎస్. నలుగురు కలిసి ఒక డబల్ బెడ్‌రూమ్ తీసుకుంటారు, కాగితం మీద ఒక్కడు సంతకం పెడతాడు, మిగతా ముగ్గురు చదవను కూడా చదవరు. తర్వాత నాకు మెసేజ్: "అన్నా, ఓనర్ రేపే ఖాళీ చెయ్యమంటున్నడు, చెయ్యాల్నా?"

రేపే అయితే చెయ్యక్కర్లేదు. ఎందుకో చెప్తా.

ముందు రీల్స్ సంగతి. "కొత్త చట్టం వచ్చింది, అడ్వాన్స్ రెండు నెలలే, ఓనర్ ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి" అని తిరుగుతున్నాయి కదా. అది 2021 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ ఓకే చేసిన మోడల్ టెనెన్సీ యాక్ట్. పేరులోనే ఉంది, మోడల్ అని. రాష్ట్రం తన అసెంబ్లీలో చట్టం చేసుకుంటేనే అది మనకు వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ అయితే అంతకంటే ముందే, 2017లోనే, సొంత అద్దె చట్టం చేసుకుంది. కాబట్టి ఆ రీల్ చూపించి ఇక్కడి ఓనర్‌తో వాదన పెట్టుకోకండి, ఓడిపోతారు.

మరి మనకున్న రెంట్ కంట్రోల్ చట్టం? అది 1960 నాటిది, మున్సిపాలిటీల్లో వర్తిస్తుంది. కానీ 2005 సవరణ తర్వాత బిల్డింగ్ కట్టి 15 ఏళ్లు కాకపోతే అది వర్తించదు. కిరాయి కార్పొరేషన్ ఏరియాలో 3,500, మిగతా చోట్ల 2,000 దాటినా వర్తించదు. ఈ రోజుల్లో రెండు వేలకు రూమ్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? అంటే మనలో చాలామందికి ఆ చట్టం పేరుకే.

మనల్ని కాపాడేది ఇంకా పాతది: 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో సెక్షన్ 106 ప్రకారం, నెలనెలా కిరాయి కట్టే ఇల్లయితే ఖాళీ చేయించడానికి రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. మీరు వెళ్లిపోవాలన్నా అంతే. సెక్షన్ 108 ప్రకారం, వాడకంతో వచ్చే మామూలు అరుగుదల మీ బాధ్యత కాదు. గోడ రంగు కాస్త వెలిసిందని ఒక నెల కిరాయి పట్టుకుంటారే, ఆ పెయింటింగ్ ఛార్జీల గొడవకు ఇదే పాయింట్.

కానీ మెలిక ఉంది. ఈ రెండూ కోడింగ్‌లో డిఫాల్ట్ వాల్యూ లాంటివి. అగ్రిమెంట్‌లో వేరేలా రాసుకుంటే రాసిందే నడుస్తుంది. "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల కిరాయి మినహాయింపు" అని రాసి ఉండి మీరు సంతకం పెడితే, ఇక సెక్షన్ 108 పెద్దగా పనికిరాదు. అందుకే ఆ 11 నెలల కాగితం చదవండి. నోటీసు ఎన్ని రోజులు, అడ్వాన్స్ ఎప్పటిలోగా వాపస్, దేనికి కట్ చేస్తారు... ఈ మూడూ చూసి, నచ్చకపోతే సంతకానికి ముందే "అంకుల్, ఈ లైన్ మార్చండి" అనండి. చాలామంది మారుస్తారు, అడిగేవాళ్లే లేరు.

ఇప్పుడు అసలు భయం. కాలేజీ నుంచి వచ్చేసరికి రూమ్‌కు వేరే తాళం ఉంది. నోటీసు ఇచ్చినా, గడువు అయిపోయినా, మీరు కదలకపోతే ఓనర్ సివిల్ కోర్టుకు పోవాలి, సొంతంగా తాళం వెయ్యకూడదు. అలా బయటికి పంపితే స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 కింద 6 నెలల్లోపు కేసు వేసి ఇంట్లోకి తిరిగి రావచ్చు. ఆ కేసులో ఇల్లు ఎవరిది అన్నది ప్రశ్నే కాదు. మీరు అందులో ఉన్నారా, చట్టప్రకారం కాకుండా బయటికి పంపారా అన్నదే చూస్తారు. అందుకే కిరాయి క్యాష్‌లో ఇవ్వకండి, యూపీఐలో కట్టండి, ఆ హిస్టరీయే సాక్ష్యం. తాళం ఫోటో, వీడియో తీసి పెట్టుకోండి. సామాన్లు పారేసినా, చెయ్యి చేసుకున్నా 112కు కాల్ చేయండి. మీరు మాత్రం తాళం పగలగొట్టకండి. గొడవ జరుగుతోందని కిరాయి కట్టడం అసలు ఆపకండి, కేసు అక్కడే బలహీనపడుతుంది.

లాయర్‌కు డబ్బులు లేవా? 15100 టోల్ ఫ్రీ, న్యాయ సేవల హెల్ప్‌లైన్. అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీ వాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ ఇస్తారు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఇబ్రహీంపట్నం కోర్టులోనే మండల న్యాయ సేవల కమిటీని అడగొచ్చు, జిల్లా సంస్థ ఎల్బీనగర్ కోర్టు దగ్గర.

అడ్వాన్స్ గొడవకు మాత్రం నా మాట వినండి. పది, పదిహేను వేల కోసం కేసు వేసి ఏళ్లు తిరగడం కంటే, కేసు కాకముందే లోక్ అదాలత్‌కు అప్లికేషన్ పెట్టడం మేలు. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీల్ ఉండదు. ఓనర్ రాకపోతే, ఒప్పుకోకపోతే బలవంతం చెయ్యలేరు, అది నిజమే. అప్పుడు కోర్టుకు పోవడానికి డబ్బు రావాల్సిన రోజు నుంచి 3 ఏళ్ల టైమ్ ఉంటుంది.