బడికి ఊరి అండ



బడికి ఊరివారు చేయు సాయమనగానే గది కట్టించుట, గడియారము కొనియిచ్చుట, దాతల పేర్లు రాతిపై చెక్కించుట స్ఫురించును. ఇవి మెచ్చదగిన పనులే. కె. కామరాజు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, 1958లో, మద్రాసు రాష్ట్రమునందు విద్యాశాఖాధికారి ఎన్.డి. సుందరవడివేలు పూనికతో పాఠశాలాభివృద్ధి సభలు మొదలయ్యెను. తమ బడికి ఏమేమి కొఱతయో గ్రామస్థులు ముందుగా గుర్తించి, ఒకరు స్థలమును, ఒకరు బల్లలను, మరియొకరు పిల్లల బట్టలను సమకూర్చిరి. అంతకు రెండేండ్ల ముందు, 1956లో, ఆరంభమైన మధ్యాహ్న భోజనమునకును ప్రజలు ధాన్యమును, ధనమును ఇచ్చిరి.

అయినను, ఇచ్చుట ఒకనాటి పని. కనిపెట్టి యుండుట నిత్యమును చేయవలసిన పని. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను. ప్రభుత్వ పాఠశాలలకును, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలకును యాజమాన్య సంఘము ఉండవలెనని అది విధించినది. అందు ముప్పాతిక వంతు సభ్యులు అచట చదువుకొను పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో కావలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. బడుగువర్గముల వారికి తగిన పాలు దక్కవలెను. బడి నడచు తీరును చూచుట, అభివృద్ధి ప్రణాళికను వ్రాయుట, వచ్చిన ధనము ఎట్లు వ్యయమైనదో విచారించుట వారి విధులు.

చిక్కు ఇచ్చటనే యున్నది. కలిగినవారు తమ బిడ్డలను పట్టణపు బడులకు పంపుచుండగా, పల్లె బడిలో మిగులునది కూలినాలి చేసికొనువారి సంతానము. కనుక సంఘములో కూర్చుండు హక్కు నాట్లకు, కోతలకు పోవు తల్లిదే. చేవ్రాలు చేయించుకొని ఆమెను పంపివేసినచో చట్టము కాగితముననే నిలిచిపోవును. పనికి పోవు వేళ సమావేశము పెట్టినచో ఆమె ఒక దినపు కూలి పోగొట్టుకొనవలసి వచ్చును. సమావేశము సాయంవేళ జరుపుట, లెక్కలు చదివి వినిపించుట, ఆమె ప్రశ్నకు ఓపికతో బదులు చెప్పుట ఊరి పెద్దలకు ఖర్చులేని సాయములు.

గ్రంథాలయమునకును ఇందు పాలు కలదు. చట్టపు ప్రతిని, బడి లెక్కల నకలును చదువరుల బల్లపై నుంచవచ్చును. అక్షరములు రానివారికి చదివి చెప్పువానిని నియమింపవచ్చును. మాపటివేళ బడిపిల్లలకొక మూల చోటీయవచ్చును. తమ బిడ్డలు వేరొకచోట చదువుకొనుచున్నను, ఊరి బడి తమదేయని కలిగినవారు తలచిననాడు దానికి నిజమైన అండ దొరకును.