పసుపు దంచే ముందు కాగితం చదువుదాం
(మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

మనది మోర్తాడ్. పసుపు పండే నేల. పెళ్లంటే మనకు ముందు గుర్తొచ్చేది పసుపు దంచుడే. ఇక్కడి నుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోయినోళ్లు చాలామంది ఉన్నారు. కొందరు పిల్లలు అమెరికా కూడా పోయిండ్రు. అందుకే సంబంధాలు చూసేటప్పుడు ఒక మాట వినిపిస్తుంది. "పిల్లగాడు దుబాయిల ఉన్నడు. పెళ్లయిన నెలకే పిల్లను తీసుకపోతడు."

ఈ మాట నిజమా, కాదా? ఎట్లా తెలుసుకోవాలి? ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు దుబాయి సంగతి. అక్కడ పని చేసే ప్రతి మనిషీ భార్యను తీసుకపోలేడు. దానికి లెక్క ఉంది. దుబాయి ఉన్న దేశం పేరు యు.ఏ.ఇ. అక్కడ 2019లో నియమం మారింది. భర్త జీతం నెలకు 4,000 దిర్హములు ఉండాలి. లేదా 3,000 దిర్హములతో పాటు కంపెనీ ఇల్లు ఇవ్వాలి. అప్పుడే భార్యకు వీసా అడగవచ్చు. కూలి పనివాళ్లు ఉండే క్యాంపులో ఒక్క గదిలో నలుగురైదుగురు ఉంటారు. అక్కడ సంసారం ఎట్లా సాగుతుంది? మిగతా గల్ఫ్ దేశాల నియమాలు వేరు వేరుగా ఉంటాయి. ఏ దేశమో, ఆ దేశం నియమం అడగాలి.

కాబట్టి జీతమెంత, కంపెనీ ఏది, ఇల్లు ఉందా అని ముందే అడగండి. పిల్లగాని వీసా నకలు చూడండి. "మా మీద నమ్మకం లేదా?" అని వాళ్లు అనవచ్చు. పది గుంటల భూమి కొనేటప్పుడు పట్టా పాస్‌బుక్కు చూస్తాం కదా! బిడ్డనిచ్చేటప్పుడు కాగితం అడిగితే తప్పేముంది?

ఇంకో సంగతి. భార్య వీసా ఏజెంటు అమ్మే సరుకు కాదు. భర్తే అక్కడ దరఖాస్తు పెట్టాలి. "విజిట్ వీసా మీద పంపిస్త, అక్కడ పని చూపిస్త" అని ఎవరన్నా అంటే నమ్మకండి. విజిట్ వీసా చూసి రావడానికే. దాని మీద పని చేస్తే నేరం. గడువు దాటితే రోజుకింత అని జరిమానా పడుతుంది.

ఇక కాగితాలు. పచ్చి పసుపు యార్డుకు తీసుకపోతే ధర వస్తుందా? ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి. కాగితాలూ అంతే. ఒకదాని తర్వాత ఒకటి కావాలి.

మొదటిది పాస్‌పోర్టు. నిజామాబాద్‌లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది.

రెండోది పెళ్లి రిజిస్ట్రేషన్. 2002లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి పెళ్లీ రిజిస్టర్ చేయించాలి. పిల్లకు 18 ఏళ్లు, పిల్లగానికి 21 ఏళ్లు నిండాలి. పెళ్లి పత్రిక, ఫొటోలు, వయసు రుజువులు, సాక్షులు కావాలి.

మూడోది ముద్రలు. దుబాయికైతే ఆ పెళ్లి సర్టిఫికెట్ మీద మన రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీలోని విదేశాంగ శాఖ, ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర వేయాలి. దీనికి రోజులు పడతాయి. నెలకే తీసుకపోతడన్న మాట ఎంతవరకు నిజమో ఇక్కడే తెలుస్తుంది.

పేరు జాగ్రత్త! ఆధార్‌లో లక్ష్మి, పాస్‌పోర్టులో లక్ష్మీబాయి, పెళ్లి సర్టిఫికెట్‌లో శ్రీలక్ష్మి అని ఉంటే పని ఆగిపోతుంది. అక్షరం అక్షరం కలిపి చూసుకోవాలి. పెళ్లయింది కదా అని పాస్‌పోర్టులో ఇంటి పేరు మార్చాలనే నియమం లేదు.

అమెరికా సంగతి వేరు. పెళ్లి కాకముందే పిల్లను పిలిపించుకునే వీసా అక్కడ ఉంది. కాని అది అమెరికా పౌరుడే అడగాలి. మామూలుగా అయితే అడిగే ముందు రెండేళ్లలో ఇద్దరూ ఒకసారన్నా కలిసి ఉండాలి. పిల్ల అక్కడికి పోయిన 90 రోజుల్లో పెళ్లి కావాలి. లేకుంటే వాపసు రావాలి. పిల్లగాడు ఉద్యోగ వీసా మీద ఉంటే పెళ్లయిన తర్వాతే భార్యకు వీసా వస్తుంది. అలాంటి వీసాల్లో కొన్నింటి మీద భార్య పోగానే ఉద్యోగం చేయడానికి వీలుండదు. ఉద్యోగం చేసుకుంటానని ఆశతో పోయే పిల్ల ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

పోయినంక కూడా పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ నకళ్లు అమ్మగారింట్లో ఒక జత ఉంచండి. విదేశంలో భర్త వదిలేస్తే, కొడితే, భారత రాయబార కార్యాలయానికి చెప్పుకోవచ్చు. ఢిల్లీలో జాతీయ మహిళా కమిషన్ కూడా ఇలాంటి ఫిర్యాదులు తీసుకుంటుంది. అప్పుడు ఆ నకళ్లే అక్కరకొస్తాయి.

అక్కలారా! వేలిముద్ర వేసే రోజుల్లో ఎవరో చదివి చెప్పింది నమ్మినాం. ఇప్పుడు మనకు అక్షరాలు వచ్చినాయి. తెలుగులో ఉన్నది మనమే చదువుదాం. ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంటే ఇద్దరితో విడివిడిగా చదివిద్దాం. ఇద్దరూ ఒక్కతీరుగా చెప్పిన తర్వాతే సంతకం పెడదాం.

పిల్ల తన కాగితం తానే చదువుకోవాలి. తాను ఏ వీసా మీద పోతున్నదో తనకే తెలియాలి. పసుపు ఆ తర్వాత దంచుదాం.