విరిగిన చేయి – విడువని బాధ్యత



శత్రువును గూల్చినవాడే వీరుడని మనము తలంచుచుందుము. ఆపదలో తనవారిని విడువక నిలిచినవాడు అంతకంటె గొప్పవీరుడని మేము విన్నవించుచున్నాము.

ఇందులకు మేజర్ సోమనాథశర్మగారే నిదర్శనము. కాంగ్డా సీమవారైన వీరు 1942లో 19వ హైదరాబాదు రెజిమెంటున జేరిరి. నిజాము కొలువులోని పటాలములనుండి పుట్టిన యా రెజిమెంటునకే 1945లో కుమావూను రెజిమెంటను పేరు వచ్చెను.

1947 అక్టోబరులో దండు కాశ్మీరముపైకి వచ్చినపుడు, హాకీ యాటలో విరిగిన వీరి యెడమచేయి కట్టుతో నుండెను. అయినను తమ దళమును విడిచి యుండుట కొల్లక శ్రీనగరమునకు వెళ్లిరి. నవంబరు 3వ తేదీన బడ్గాము గ్రామమున కొన్ని వందలమంది శత్రువులు మూడువైపుల ముట్టడించిరి. అచట దారి విడిచినచో శ్రీనగర విమానాశ్రయమే దక్కదు. శర్మగారు గుండ్లవర్షములో బయలున బరుగిడుచు సైనికులకు ధైర్యము చెప్పిరి. మన విమానములకు గుఱుతుగా గుడ్డలు పఱచిరి. జనము తఱుగగా తామే తూటాలు నింపి తుపాకులవారి కందించిరి. అంతలో ఫిరంగిగుండు చెంతనున్న మందుగుండుపై బడగా, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున వీరస్వర్గమందిరి. దళము సుమారు ఆఱు గంటలు నిలిచెను, విమానాశ్రయము దక్కెను. 1950లో ప్రకటింపబడిన తొలి పరమవీరచక్రము వీరిదే.

సోదరులారా! నావలన నేమగునని వెనుదీయువారు ఆ విరిగిన చేతిని దలంతురుగాక! సంఘమునకు నాయకులగువారు ముందుగా కష్టమున బాలుగొందురుగాక!