బ్రిడ్జి మూస్తే మనకెందుకంత కోపం? అర్ధరాత్రి కోన్‌ల వెనక జరిగే పని

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక సారీతో మొదలుపెడుతున్నా. ఎవరికి సారీ, ఎందుకు అనేది మెల్లగా చెప్తాను.

2023 ఏప్రిల్. అప్పటికి నేనింకా జాబ్‌లోనే ఉన్నా. యూసుఫ్‌గూడలో పీజీ, మాదాపూర్‌లో ఆఫీస్. రోజూ జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 మీదుగా వెళ్లి, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ఎక్కితే ఆఫీస్ వచ్చేసినట్టే. ఆ నెల 6వ తేదీ అర్ధరాత్రి నుంచి 10వ తేదీ పొద్దున 6 గంటల దాకా బ్రిడ్జి మొత్తం మూసేశారు. నేను నోటీసు చూడలేదు. శనివారం పొద్దున బైక్ మీద బారికేడ్ దాకా వెళ్లి, యూటర్న్ తీసుకుని, ఎండలో చుట్టూ తిరిగి గంట లేటుగా చేరాను. చేరగానే ఏం చేశాను? ఫోన్ తీసి ఒక వీడియో వదిలాను. "ఈ బ్రిడ్జి 2020 సెప్టెంబర్‌లో ఓపెన్ చేశారు. మూడేళ్లు కూడా నిండలేదు, అప్పుడే రిపేరా?" అని. అప్పట్లో నాకున్న కొద్దిమంది వ్యూయర్స్‌లో అది బాగానే తిరిగింది. అందరూ నాతో పాటు తిట్టారు.

ఇప్పుడు అసలు విషయం చూడండి. అది రిపేర్ కానే కాదు. ఆ బ్రిడ్జికి మెయింటెనెన్స్ మాన్యువల్ తయారు చేయడానికి ఇన్‌స్పెక్షన్. బరువైన క్రేన్లు బ్రిడ్జి మీదే నిలబెట్టాలి. పక్కన మన కార్లు, బైకులు పోతూ ఉంటే ఆ పని ఎలా అవుతుంది? పైగా క్యాలెండర్ తీసి చూడండి. ఏప్రిల్ 7 గుడ్ ఫ్రైడే, 8 శనివారం, 9 ఆదివారం. సోమవారం ఆఫీస్ ట్రాఫిక్ మొదలయ్యే ముందు తెరిచేశారు.

ఇంకో కామెడీ ఉంది. శనివారం నేనెందుకు ఆఫీస్‌కి వెళ్తున్నాను? మా అప్లికేషన్‌కి ఆ రోజు మెయింటెనెన్స్ విండో. యూజర్లు తక్కువ ఉంటారని వీకెండ్ పెట్టుకున్నాం. అంటే మేము సర్వర్ ఆపితే "ప్లాన్డ్ డౌన్‌టైమ్", వాళ్లు బ్రిడ్జి ఆపితే "ప్రజలకు నరకం"! ఒకే లాజిక్, రెండు నాలుకలు. నా సారీ అందుకే.

సరే, అసలు బ్రిడ్జి ఎందుకు మూయాలి? తార్రోడ్డు మీద గుంత పడితే పోసి వెళ్లిపోవచ్చు కదా?

బ్రిడ్జి అనేది మనం అనుకున్నట్టు కదలకుండా పడి ఉండే వస్తువు కాదు ఫ్రెండ్స్. ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. చిన్న లెక్క చెప్తా. కాంక్రీట్ అయినా స్టీల్ అయినా, ఒక డిగ్రీ వేడి పెరిగితే ప్రతి పది లక్షల భాగాల్లో సుమారు 12 భాగాలు సాగుతుంది. 100 మీటర్ల బ్రిడ్జి, 40 డిగ్రీల తేడా అనుకోండి. దాదాపు 5 సెంటీమీటర్లు. ఆ 5 సెంటీమీటర్లకి చోటు ఇవ్వకపోతే బ్రిడ్జి తనని తానే నలిపేసుకుంటుంది. అందుకే మధ్యమధ్యలో ఖాళీ వదులుతారు. ఫ్లైఓవర్ మీద బైక్ వెళ్తుంటే "టక్ టక్" అని వస్తుంది చూశారా? అదే ఎక్స్‌పాన్షన్ జాయింట్. కింద పిల్లర్ మీద ఇంకో పార్ట్ ఉంటుంది, బేరింగ్. పై బరువంతా దాని మీదే కూర్చుంటుంది.

జాయింట్లూ బేరింగులూ అరిగిపోతాయి. జాయింట్ పాడైతే వాన నీళ్లు కిందికి దిగి లోపలి ఇనుముకి తుప్పు పట్టిస్తాయి. జాయింట్ మార్చాలంటే రోడ్డుని అడ్డంగా కోయాలి. కొత్తది పెట్టి, కాంక్రీట్ పోసి, అది గట్టిపడే దాకా దాని మీద ఏ బండీ ఎక్కకూడదు. కాంక్రీట్‌కి పూర్తి బలం లెక్క 28 రోజులకి కడతారు. త్వరగా గట్టిపడే మిశ్రమాలు ఉన్నాయి కాబట్టి అన్ని రోజులు ఆగక్కర్లేదు. కానీ ఎంత తొందరపెట్టినా, పోసిన గంటకే లారీ ఎక్కిస్తామంటే కుదరదు.

మరి ఒక్క లేన్ మూస్తే సరిపోదా? చాలాసార్లు అదే చేస్తారు. సగం మూసి పని, తర్వాత ఇంకో సగం. కానీ లేన్ మూయడంలో టైమింగే అంతా. లెక్క అర్థం కావడానికి ఊరికే కొన్ని నంబర్లు అనుకుందాం. రెండు లేన్లలో గంటకి 3,000 బండ్లు వెళ్లగలవు. ఒకటి మూస్తే 1,500. సాయంత్రం గంటకి 2,000 బండ్లు వస్తున్నాయి. అంటే ప్రతి గంటా 500 మిగిలిపోతాయి. రెండు గంటలకి 1,000. ఒక్కో బండికి 7 మీటర్లు వేసుకుంటే, రెండు వరుసల్లో నిలబెట్టినా మూడున్నర కిలోమీటర్ల క్యూ! లేన్ మళ్లీ తెరిచాక కూడా ఆ క్యూ కరగడానికి ఇంకో గంట. అదే పని రాత్రి 1 గంటకి పెడితే, గంటకి 400 బండ్లే వస్తాయి అనుకోండి, క్యూ సున్నా. పని అదే, కోన్లు అవే, గడియారం మారింది అంతే. మన కోడ్ రిలీజ్‌లన్నీ అర్ధరాత్రి ఎందుకు ఉంటాయో ఇదీ అందుకే.

ఇప్పుడు ఒక పర్సనల్ విషయం చెప్తా. ఇది మా ఇంట్లో కూడా తెలీదు, ఈ వీడియో చూస్తే తెలుస్తుంది.

ఒక రాత్రి రెండింటికి షిఫ్ట్ అయిపోయి వస్తున్నా. సిటీలో ఒక ఫ్లైఓవర్, పేరు వద్దులెండి. మొదట్లో కోన్లు అడ్డంగా పెట్టారు. రెండు కోన్ల మధ్య బైక్ పట్టేంత సందు ఉంది. పైన ఎవరూ కనపడలేదు. "ఏముందిలే, రెండు నిమిషాలు" అని దూరిపోయాను. స్పీడ్ పెద్దగా లేదు, అదే నా అదృష్టం. పైకెళ్లేసరికి ఒక పెద్దాయన చేతిలో టార్చ్ ఊపుకుంటూ అడ్డంగా పరిగెత్తుకొచ్చాడు. "ఆగు తమ్మీ, ఆగు! ముందట రోడ్డు లేదు!" బ్రేక్ వేశాను. టార్చ్ వెలుగులో చూస్తే పది అడుగుల దూరంలో రోడ్డుకి అడ్డంగా కోసేసిన జాయింట్. లోపల ఇనుప చువ్వలు పైకి లేచి ఉన్నాయి. పక్కన ఇద్దరు మోకాళ్ల మీద కూర్చుని పని చేస్తున్నారు. నేను ఆగకపోతే నా ముందు చక్రం ఆ గాడిలో, నేను వాళ్ల మీద.

ఆయన తిట్టలేదు. "ఇంటికాడ ఎవ్వరూ లేరా నీకు?" అని అడిగాడు, అంతే. బండి తిప్పుకుని వచ్చేశాను. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

కోన్ అంటే మనకి ఒక ప్లాస్టిక్ ముక్క. దాని అవతల ఉన్నవాళ్లకి అదే గోడ. వాళ్లకి వేరే గోడ ఏదీ లేదు.

ఇక మూయకపోతే ఏమవుతుందో కూడా చూద్దాం. 2025 జూలై 9. గుజరాత్‌లో వడోదర, ఆణంద్ జిల్లాలని కలిపే గంభీరా బ్రిడ్జి. దాదాపు 40 ఏళ్ల బ్రిడ్జి. పొద్దున పూట ట్రాఫిక్ నడుస్తుండగానే ఒక భాగం ఊడి మహీ నదిలో పడింది. బండ్లు నదిలోకి వెళ్లిపోయాయి. 20 మందికి పైగా చనిపోయారు. ఒక ట్యాంకర్ అంచున వేలాడుతున్న ఫోటో మీరంతా చూసే ఉంటారు. ఆ ఫోటో చూసిన రోజు నా పాత వీడియో వెతికి డిలీట్ చేశాను. ఆ బ్రిడ్జిని ఎవరైనా ముందు రోజే మూసి ఉంటే జనం ఏం చేసేవాళ్లు? నాలాగే తిడుతూ వీడియో పెట్టేవాళ్లు. కానీ అందరూ బతికి ఉండేవాళ్లు.

అలా అని "మూసినప్పుడు నోరు మూసుకుని చుట్టూ తిరగండి" అని నేను చెప్పట్లేదు. రెండో వైపు కూడా ఉంది. అది మా ఇంట్లోనే చూశాను.

మాది కొవ్వూరు. గోదావరికి అవతల ఒడ్డున రాజమండ్రి. మధ్యలో రోడ్డు కం రైలు వంతెన. 1974లో మొదలైంది, కింద రైలు, పైన రోడ్డు, రోడ్డు పొడవు 4 కిలోమీటర్ల పైనే. 2023 సెప్టెంబర్ 27 నుంచి రిపేర్ల కోసం దాని మీద రాకపోకలు ఆపేశారు, నెల రోజులకని. బస్సులు, బండ్లు అన్నీ గామన్ బ్రిడ్జి మీదుగా. వయసు మీద పడిన వంతెన, రిపేర్ కావాల్సిందే. అందులో నాకు డౌట్ లేదు.

కానీ మా అమ్మమ్మకి వారానికి రెండుసార్లు రాజమండ్రిలో డయాలసిస్. రోజూ వచ్చే ఆటో అన్న, "అమ్మా, చుట్టూ తిరగాలి, గ్యాస్ కిట్టట్లేదు" అని ఎక్కువ అడిగాడు. ఆయనదీ తప్పు కాదు. డయాలసిస్ మీద నాలుగు గంటలు ఉండి లేచిన మనిషికి, ఆటోలో అదనంగా కుదుపులతో ప్రయాణం. ఫోన్ చేస్తే అమ్మమ్మ, "ఏం లేదు నాన్నా, గోదారి ఇంకో వైపు నుంచి చూస్తున్నానంతే" అనేది. అమ్మ మాత్రం ఫోన్ లాక్కుని నిజం చెప్పేది. కారు ఉన్నవాడికి డైవర్షన్ అంటే ఇంకో పాట వినడం. ఆటో మీద, బస్సు మీద బతికేవాళ్లకి డైవర్షన్ అంటే డబ్బులు, ఓపిక, ఒక్కోసారి ఆరోగ్యం.

అందుకే మనం అడగాల్సింది "ఎందుకు మూశారు" అని కాదు. "ముందు చెప్పారా? ఎప్పుడు తెరుస్తారు? బస్సు ఎటు వెళ్తుంది? అంబులెన్స్ ఎటు వెళ్తుంది?" ఇవి అడగాలి.

దీనికి మంచి ఉదాహరణ ఒకటుంది. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లకి బాగా తెలుసు. జెర్సీ సిటీ నుంచి మాన్‌హట్టన్‌కి హడ్సన్ నది కింద హాలండ్ టన్నెల్. 1927లో తెరిచారు. 2012 అక్టోబర్‌లో శాండీ తుఫానుకి ఉప్పు నీళ్లు లోపలికి వచ్చేశాయి. నీళ్లు తోడేశాక కొద్ది రోజుల్లోనే బండ్లు నడిచాయి. కానీ ఉప్పు వదలదు కదా, లోపల కేబుళ్లనీ పైపులనీ కాంక్రీట్‌నీ తింటూనే ఉంటుంది. ఆ టన్నెల్‌లో రెండు గొట్టాలున్నాయి, వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి. రెండూ ఒకేసారి మూయలేదు. 2020లో న్యూయార్క్ వైపు వెళ్లే గొట్టం, అది అయ్యాక 2023 ఫిబ్రవరి నుంచి న్యూజెర్సీ వైపు వచ్చేది. అదీ రాత్రి 11 తర్వాతే, పొద్దున రద్దీ మొదలయ్యే లోపు తెరిచేయడం. జనం బయట తిరిగే శనివారం రాత్రి మాత్రం మూసేవాళ్లు కాదు. ఏళ్ల తరబడి సాగిన పని. కానీ అక్కడ ఉండే మనిషికి ఏ రాత్రి ఏది మూసి ఉంటుందో ముందే తెలిసేది. తెలిస్తే ప్లాన్ చేసుకుంటాం. తెలియకపోతేనే తిడతాం.

మరి మనం చేయగలిగింది ఏంటి? నాలుగే నాలుగు.

ఒకటి. ముఖ్యమైన ప్రయాణం, అంటే ఎగ్జామ్, ఇంటర్వ్యూ, ఫ్లైట్, హాస్పిటల్ ఉంటే, ముందు రోజు రాత్రే మీ సిటీ ట్రాఫిక్ పోలీసుల పేజీ ఒక్కసారి చూడండి. మ్యాప్ యాప్‌కి అప్పుడే పెట్టిన బారికేడ్ సంగతి వెంటనే తెలియకపోవచ్చు.

రెండు. నోటీసులో తేదీతో పాటు టైమ్ చదవండి. "6 అర్ధరాత్రి" అంటే 6వ తేదీ మొదలయ్యేదా, ముగిసేదా? డౌట్ ఉంటే రెండు రోజులూ వేరే దారి పెట్టుకోండి.

మూడు. హైదరాబాద్‌లో కొన్ని రూల్స్ రిపేర్లతో సంబంధం లేకుండా ఉంటాయి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి టూ వీలర్లకి ఎంట్రీ లేదు. షబ్-ఎ-బరాత్ లాంటి రాత్రుల్లో చాలా ఫ్లైఓవర్లు మూసేస్తారు. కొత్తగా సిటీకి వచ్చిన ఫ్రెండ్స్‌కి ఈ మాట చెప్పండి.

నాలుగు. మీ ఇంటి చుట్టుపక్కల డయాలసిస్‌కో, చెకప్‌కో వెళ్లే పెద్దవాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గర ఈ ఫోన్లు ఉండవు, ఉన్నా పేజీలు చూడరు. మూసేస్తున్న సంగతి మనకి తెలిస్తే వెళ్లి చెప్దాం. అడ్రస్ ఫార్వర్డ్ చేయడం కాదు, తలుపు కొట్టి చెప్దాం.

కోన్ల మధ్య సందు కనపడితే ఏం చేయాలో వేరే చెప్పక్కర్లేదు. ఆ పెద్దాయన ప్రశ్న మిమ్మల్ని మీరే ఒకసారి అడిగి చూసుకోండి.

మీ ఊళ్లో బ్రిడ్జి మూసినప్పుడు మీ ఇంట్లో ఎవరు ఎక్కువ ఇబ్బంది పడ్డారో కింద రాయండి. తిట్లు కాదు, వివరాలు రాయండి. ఏ బస్సు తిరగలేదు, ఎన్ని రోజుల ముందు చెప్పారు. అవన్నీ కలిపి ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

ఉంటాను మరి. రాత్రి పూట బండి మెల్లగా పోనివ్వండి.