నవజాత శిశువుల బృహద్ధమని లోపాలు – శస్త్రచికిత్స
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీవశాస్త్ర పాఠంలో హృదయం బొమ్మ గీసిన ప్రతి విద్యార్థికీ బృహద్ధమని పరిచితమే. ఎడమ జఠరిక నుండి పైకి లేచి, చేతికర్ర పిడివలె వంపు తిరిగి, వెన్నెముక వెంబడి కిందికి దిగే రక్తనాళం అది. వంపు మీది నుండి తలకూ చేతులకూ శాఖలు చీలుతాయి. వంపు దాటిన రక్తం మూత్రపిండాలకూ, పేగులకూ, కాళ్లకూ వెళుతుంది. కొందరు శిశువులలో ఈ వంపు చివర నొక్కినట్లు సన్నబడి ఉంటుంది. కొందరిలో వంపంతా సన్నగానే ఏర్పడుతుంది. అరుదుగా మధ్యలో తెగి, రెండు భాగాలకూ సంబంధమే ఉండదు.

1944లో స్టాక్‌హోంలో క్లారెన్స్ క్రాఫూర్డ్ సన్నబడిన భాగాన్ని కోసివేసి, రెండు కొనలనూ కలిపి కుట్టాడు. మరుసటి ఏడు బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అదే సాధించాడు. అయితే వారి తొలి రోగులు పసికందులు కారు.

పసికందుల చిక్కు వేరు. గర్భస్థ శిశువు ఊపిరితిత్తులతో శ్వాసించదు గనుక, పుపుస ధమని నుండి బృహద్ధమనికి రక్తాన్ని మళ్లించే డక్టస్ ఆర్టీరియోసస్ అనే పొట్టి నాళం ఉంటుంది. పుట్టిన రెండు మూడు రోజులలో అది సాధారణంగా ముడుచుకొంటుంది. వంపు తెగిన బిడ్డకు దిగువ శరీరానికి రక్తం అందే ప్రధాన మార్గం అదే. అందుచేత పుట్టిననాడు చక్కగా పాలు తాగిన బిడ్డే ఇంటికి చేరాక పాలు మాని, ఆయాసపడి, కాళ్లు చల్లబడి, మూత్రం తగ్గి, కొద్ది రోజులలోనే ప్రాణాపాయంలో పడుతుంది. పెద్దలు దిష్టి అనుకొంటారు. వైద్యులు సైతం ఇన్‌ఫెక్షన్ అని భ్రమపడే అవకాశం ఉంది. లక్షణాలలో అంతటి పోలిక.

దీనిని పసిగట్టే మొదటి సాధనం వేలికొన. చేతి నాడి బాగా కొట్టుకొంటూ గజ్జలో నాడి అందకపోతే అనుమానించవలసిందే. కాని ఆ నాళం ఇంకా తెరిచి ఉండగా గజ్జ నాడి మామూలుగానే తగలవచ్చు. కనుక పుట్టిననాటి పరీక్ష ఒక్కటే చాలదు. ఇంటికి పంపే ముందూ, తొలి వారాలలోనూ మరల చూడాలి. పల్స్ ఆక్సీమీటరు ఇతర హృదయ లోపాలను పట్టినంత నమ్మకంగా దీనిని పట్టదు.

ముడుచుకొంటున్న నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్ అనే మందు తిరిగి తెరవగలదని 1970ల నడిమికాలంలో తేలింది. అంతకుముందు కొన ఊపిరితో ఉన్న బిడ్డకే కత్తి పెట్టవలసి వచ్చేది; ఇప్పుడు బిడ్డ కుదుటపడిన పిదప శస్త్రచికిత్స చేస్తున్నారు. ఆ మందును చల్లగా నిలువచేయాలి, సిరలోకి ఎడతెగక ఎక్కించాలి. దాని వలన శ్వాస ఆగే ప్రమాదం ఉంది గనుక, వాహనంలో శ్వాస అందించగలవారు ఉండాలి. ధర్మపురి వారికి అసలు ప్రశ్న ఇక్కడే. 2008 నుండి ఈ ఊరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. పసికందుల హృదయ శస్త్రచికిత్సకు పేరొందిన కేంద్రాలు బెంగుళూరు, వేలూరు, చెన్నైలలో ఉన్నాయి. కృష్ణగిరి మీదుగా సాగే ఆ ప్రయాణంలో మందు లేకుండా గడిచే ప్రతి గంటా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. బండి త్వరగా దొరకడం కంటే, బయలుదేరే ముందు మందు మొదలు కావడం ముఖ్యం.

లోపం చిన్నదైతే ఎడమ ప్రక్కటెముకల నడుమ నుండి వెళ్లి, సన్నని భాగాన్ని తొలగించి కుడతారు. వంపంతా సన్నగా ఉన్నా, తెగి ఉన్నా రొమ్ము ఎముకను తెరిచి, గుండె పనిని యంత్రానికి అప్పగించి, శరీరాన్ని బాగా చల్లబరుస్తారు. పూర్వం ఆ సమయంలో రక్తప్రసరణను మొత్తంగా ఆపేవారు. నేడు పలుచోట్ల మెదడుకు మాత్రం ప్రత్యేకంగా రక్తం పంపుతూనే ఉంటారు. కుట్టే దారం కంటికి ఆనీ ఆననంత సన్నం.

ఖర్చు విషయంలో ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ, తమిళనాట 2012లో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా మొదలయ్యాయి. 2021లో తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారు పిల్లల హృదయాలయాన్ని నెలకొల్పారు. చిత్తూరు సీమలో బంధువులున్న ఇక్కడి తెలుగు కుటుంబాలు ఆ సంగతి ఎరిగి ఉండడం మంచిది.

కుట్టిన చోట మరల సన్నబడవచ్చు. అప్పుడు బెలూన్‌తో వెడల్పు చేస్తారు. రక్తపోటు ఏళ్ల తరువాత కూడా పెరగవచ్చు కనుక పరీక్షలు జీవితాంతం అవసరం.

స్వల్పమైన లోపం బడి ఈడు వరకు బయటపడకపోవడమూ కద్దు. పరుగెత్తితే పిక్కలు నొప్పి అనే పిల్లవానిని, తరచు తలనొప్పి అనే బాలికను వ్యాయామ ఉపాధ్యాయులు సోమరులని అనుకోరాదు. కాలి రక్తపోటు సాధారణంగా చేతి రక్తపోటుకు తగ్గదు. కుడిచేతిలో ఎక్కువగా, కాలిలో తక్కువగా కనబడితే ఆ బిడ్డను హృద్రోగ నిపుణుని వద్దకు పంపాలి. పాఠశాల వైద్య పరీక్షలో ఇది కొద్ది నిమిషాల పని.