ఉద్యోగాన్వేషణము



2023వ సంవత్సరము విజయదశమినాటి సాయంకాలము, మా పాలమూరు సీమ ఆచారము చొప్పున పిన్నలు జమ్మి గైకొని పెద్దల యిండ్లకు వచ్చి, దానిని బంగారమని చేతబెట్టి పాదములకు మ్రొక్కుచుండిరి. నా పూర్వశిష్యుడొకడు వచ్చి మ్రొక్కగా, నేను దీవించి, దీవెన ముగియకమునుపే “ఏమైన ఉద్యోగము దొరకినదా?” అని యడిగితిని. ఆతడు తల వంచుకొని, “సారూ, మీది ఐదో ఇల్లు. ఐదిండ్లల్ల ఇదే అడిగిండ్రు” అనెను. ఆ మాట నాకు ముల్లువలె నాటినది. ఆ ప్రశ్న ప్రేమచేతనే పుట్టును, నిజమే. కాని అట్టి ప్రేమను దినమునకు పదిమార్లు భరించుట యెంత కష్టమో అడుగువారమైన మనకు తెలియదు.

ఆతడు రైతుబిడ్డ, రసాయనశాస్త్రమున పట్టభద్రుడు. హైదరాబాదున అశోకనగరములో ముగ్గురు స్నేహితులతో ఒక గదిలో నుండి గ్రూపు 1 పరీక్షకు చదువుచుండెను. ఆ పేటలో ఎచ్చట చూచినను శిక్షణాలయములు, అద్దెగదులు, పుస్తకములు చంక నిడికొని తిరుగు యువకులు. శోకము లేని దని పేరు పెట్టినవారు ఇప్పుడు వచ్చి చూచినచో ఏమందురో! 2022 అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రములు ముందుగనే పొక్కినందున, 2023 మార్చిలో రద్దయ్యెను. జూనులో మరల పెట్టిరి. దానిని సెప్టెంబరులో ఉన్నతన్యాయస్థానము రద్దుచేసెను. తన తప్పు రవ్వంతయు లేకయే ఆ పిల్లవాని కష్టము రెండుమార్లు నీటిపాలయ్యెను. జమ్మి తెచ్చినది ఆ మరుసటి నెలలోనే.

ఆ రాత్రి నేను సుందరకాండము తెరచితిని. నిత్యపారాయణముచేత అలవడిన గ్రంథమే. అయినను ఆనాడు అది ఒక నిరుద్యోగి కథవలె తోచినది. హనుమంతుడు లంకలో రావణుని యంతఃపురము వెదకెను, పానశాల వెదకెను, పుష్పకము వెదకెను. మండోదరిని చూచి సీత యనుకొని గంతులు వేసి, పిదప కాదని తెలిసికొనెను. వెదకిన తావులనే మరల వెదకెను. తుదకు, వట్టిచేతులతో పోయి రామునకు ఏమని చెప్పుదును, కిష్కింధకు పోనే పోను, ప్రాణములు విడుచుటయే మేలు అని తలపోసెను. అంతటివానికే ఆ తలపు వచ్చినది! మనలో పలువురము ఈ ఘట్టమును త్వరగా దాటి లంకాదహనమునకు పోవుదుము, వాల్మీకి దాటలేదు. అటుపిమ్మట ఆతని కన్ను తాను అంతవరకు చొరని యొక తోటపై పడెను. అదియే అశోకవనము.

ఆ ప్రకరణమున అనిర్వేదమను మాట కలదు. దానికి పట్టుదల యని నేను ముప్పదియేండ్లు పిల్లలకు అర్థము చెప్పితిని. ఆ యర్థము చాల దని ఇప్పుడు తోచుచున్నది. వెదకిన యింటినే నూరుమార్లు వెదకుటయు పట్టుదలయే గదా! ఇంకను వెదకని చోటేదని యడుగగల మనస్సు వేరు.

మరునాడు ఆతనిని పిలిచి ఒక నోటుపుస్తకమున నడుమ గీత గీయించితిని. ఒక వంక వెదకిన చోట్లు, ఒక వంక వెదకని చోట్లు. మొదటి వంక గ్రూపు పరీక్షలు, పోలీసు పరీక్ష, ఉపాధి కార్యాలయమున నమోదు. మనలో చాలమంది ఆ నమోదును ఉద్యోగమునకు బయానా యిచ్చినట్లు తలతురు. ఖాళీలను ఆ కార్యాలయములకు తెలుపవలెనని 1959లో చట్టమైనది గాని, అచ్చటివారినే తీసికొనవలయునను నిర్బంధము లేదని ఆ చట్టమే చెప్పినది. ఇంకొక సంగతి: అదే యువకుడు అంతర్జాలమున నలుబది సంస్థలకు ఒకే విజ్ఞప్తిపత్రమును, పేరు మాత్రము మార్చి, పంపియుండెను. ఒక్కదానికిని జవాబు లేదు. ఇది నలుబది ప్రయత్నములు కావు. ఒకే ప్రయత్నము నలుబదిమార్లు.

రెండవ వంక ఆనాడు ఖాళీగానే యుండెను. అది నిండుటకు కారకుడు నేను గాను. మా యూరినుండి జడ్చర్లకడ నున్న పోలేపల్లి ఔషధ కర్మాగారములకు కూలీలను చేరవేయు బస్సు నడుపు పెద్దమనిషి యొకడు కలడు. సముద్రతీరమున నిరాశచే ప్రాయోపవేశమునకు కూర్చుండిన వానరులకు దారి చెప్పినది రెక్కలు కాలిన ముసలి సంపాతి గదా! ఈతడు చదువురానివాడు. అయినను ఏ ప్రయోగశాలలో రాత్రిపాళికి మనుష్యులు చాలకున్నారో, ఏ ద్వారముకడ ఎవరిని కలియవలెనో ఆతనికి తెలియును. రసాయనశాస్త్రము చదివినవాడు ఇరువదిమైళ్ళ లోపల నున్న రసాయనశాలలను వెదకకుండుట నాకును అంతవరకు తట్టలేదు.

విజ్ఞప్తిపత్రమును మరల వ్రాయించితిమి. “కష్టపడి పనిచేయుదును” అను వాక్యమును కొట్టివేసి, కళాశాలలో తన చేతితో చేసిన పరీక్షలేవో, వాడిన పరికరములేవో వ్రాసెను. మొదటి చోట పిలిచి, ప్రశ్నలడిగి, త్రిప్పి పంపిరి. ఆ సాయంకాలము ఆతడు పుస్తకమును మూలకు విసరెను, నేనును ఊరకుంటిని. మూడవనాడు తానే తీసి, తాను జవాబు చెప్పలేని ప్రశ్నలను వ్రాసికొని, పాత కళాశాలకు పోయి అధ్యాపకుని యడిగి వచ్చెను. ఉదయము రెండుగంటలు చదువు, పిమ్మట అన్వేషణము, సాయంకాలము తండ్రితో చేనిలో పత్తి తీయుట. ఇట్లు దినచర్య యేర్పడెను. పట్టభద్రునికి పత్తిచేనేమని కొందరు నవ్విరి. పని చేసిన దేహమునకు రాత్రి నిద్ర పట్టును. ఆ నిద్ర లేకనే ఆతడు అంతకుముందు క్రుంగినది.

ఈ నడుమ తండ్రికి ఒక మధ్యవర్తి తగిలి, లక్షలిచ్చినచో సర్కారు కొలువు ఇప్పింతుననెను. ఎకరము అమ్మకమునకు బేరము గూడ కుదిరెను. మీ యూళ్ళలోను ఇట్టివారు వత్తురు. పరీక్ష లేకుండ, ప్రకటన లేకుండ రొక్కమునకు కొలువు చూపువాడు దొంగ. ఆ యెకరము మిగిలినది మా తల్లి పుణ్యమున గాదు, ఆ పిల్లవాడు కాగితము చింపివేసినందున.

2024 వేసవిలో ఆతనికి మూడవ సంస్థలో నాణ్యతాపరీక్షాశాలయందు పని దొరకినది. జీతము కొద్ది, రాత్రిపాళి గూడ కలదు. అదే జూనులో గ్రూపు 1 ప్రాథమిక పరీక్ష మరల జరుగగా వ్రాసెను; నెగ్గలేదు. నెగ్గలేదని చెప్పుటకు ఈమారు మా యింటికి తానే వచ్చెను, నడుచుచు, తల యెత్తుకొని.

ఆ సంవత్సరము దసరాకు వచ్చిన పిల్లలను నేను “ఏమైన దొరకినదా?” అని యడుగలేదు. “ఈ నెల ఏ క్రొత్త చోట అడిగితివి?” అని యడిగితిని. కొందరు వెంటనే జవాబు చెప్పిరి. ఒక యాడపిల్ల మాత్రము కొంతసేపు ఆలోచించి, ఏ చోటను లేదని యొప్పుకొని, పోబోవుచు వెనుకకు తిరిగి ఆ బస్సు నడుపు పెద్దాయన యిల్లెక్కడని యడిగెను.