ఛాయాచిత్రకళాభ్యాసము

చేతిఫోనులో కెమెరా చేరిన పిదప ఛాయాచిత్రము తీయనివారు అరుదైనారు. కాని తీయుట వేఱు, తీయ నేర్చుట వేఱు. ఈ విద్యను బోధించెడి మేము విద్యార్థులకు ఉపన్యాసములకంటె అభ్యాసములనే ఎక్కువగా ఇచ్చుచుందుము.

మొదటి అభ్యాసము చిన్నది. ఒక కోడిగ్రుడ్డును తెల్లకాగితముపై నుంచి, ఒకే కిటికీ వెలుగులో, ఉదయము మొదలు సాయంకాలము వఱకు ఆఱు పర్యాయములు చిత్రింపుమందుము. నీడ లేనిదే గ్రుడ్డునకు గుండ్రదనము రాదని విద్యార్థికి తనంతనే బోధపడును.

రెండవది లెక్క. కటకద్వారము 8 అంకెపై నుండగా సెకనులో 125వ వంతు కాలము చాలిన వెలుగున, ద్వారమును 4 అంకెకు తెఱచినచో వెలుగు నాలుగింతలగును. కావున కాలమును 500వ వంతునకు తగ్గింపవలెను. వెలుగు సమానమే, కాని రెండవ చిత్రములో వెనుకనున్న గోడ మసకబాఱును. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని ఈ సంగతి మనసున నాటదు.

పిదప విద్యార్థులను వీథిలోనికి పంపుదుము. 1591లో వెలసిన చార్మినారు కడకు పంపినచో అందఱును ఆ నాలుగు మీనారులనే తెత్తురు. కావున ప్రక్కనున్న లాడ్ బజారులో లక్కగాజుల పనిని అయిదు చిత్రములలో చెప్పుడని కోరుదుము. అంగడిలో వెలుగు తక్కువ. సెకనులో 15వ వంతు కాలమునకు కదలెడి వ్రేళ్లు చెదరును. వెలుగును గ్రహించు శక్తిని 100 నుండి 400కు పెంచినచో 60వ వంతు చాలును. అయితే నీడలలో నలుసులు తేలును. ఏది వదలుకొనవలెనో విద్యార్థియే నిర్ణయించుకొనవలెను.

అంతకు ముందు పనివాని అనుమతి పొందవలెను. అడిగినచో సహజత్వము చెడునని కొందఱు వాదింతురు. అడిగి, ఒక గంట ఊరక కూర్చుండిన యెడల ఆతడు కెమెరాను మఱచి తన పనిలో మునుగును. వద్దన్నచో మఱలి రావలెను. మన మార్కులకొఱకు ఒకరి పేదఱికమును నలుగురిలో పెట్టు హక్కు మనకు లేదు.

ఏడాది చివర వందలకొలది చిత్రములు పోగగును. చిత్రసంపుటికి పదునైదో ఇరువదియో చాలును. ఉద్యోగమిచ్చువారు చూచునది ఈ సంపుటినే. అందొక బలహీనమైన చిత్రము తక్కినవాని విలువను తగ్గించును. వానలో తడిసి తీసితినని విద్యార్థి ఒక చిత్రమును విడువనొల్లడు. ఆ తడి చూచువారికి కనిపించునా? చిన్న ప్రతులు వేయించి, నేలపై పఱచి, వారము దినములు వరుస మార్చి చూడవలెను.

ఆఱవ నిజాము ఆస్థానమున ప్రసిద్ధికెక్కిన రాజా దీన్ దయాళ్, 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో మధ్యభారతము తిరిగి తీసిన కట్టడముల చిత్రములు 1886లో గ్రంథముగా వెలువడినవి. ఆయన తొలుత కొలతలు, నమూనాచిత్రములు నేర్చినవాడు. క్రమబద్ధమైన అభ్యాసము ఊరక పోదనుటకు ఇదియొక నిదర్శనము.

మీ యింట కెమెరా పట్టిన పిల్లలున్నచో, ఎన్ని తీసితివని అడుగకుడు. ఏ చిత్రమును తీసివేసితివి, ఎందులకని అడుగుడు.